శాంపిళ్లన్నీ తెలుగువాళ్లవే అయినా హెచ్‌ఎల్‌ఏ ఫలితాలు ఎందుకు తేడా కొడతాయి

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. మీరు హైదరాబాద్‌లో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్లనే దెబ్బతీసే జబ్బు) మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. 200 మంది పేషెంట్లు, 200 మంది కంట్రోల్స్ (పోల్చి చూడటానికి తీసుకున్న, ఈ జబ్బు లేనివాళ్లు). యూరప్ పేపర్లలో బలంగా కనిపించే పీటీపీఎన్22 జన్యువులోని మార్పు మీ శాంపిళ్లలో దాదాపు లేనే లేదు. హెచ్‌ఎల్‌ఏ అంటే సొంత కణాలేవో పరాయివేవో గుర్తుపట్టడానికి రోగనిరోధక వ్యవస్థ వాడే జన్యువుల గుంపు. ఆ గుంపులోని డీఆర్‌బీ1 జన్యువుకు ఉన్న ఆలీల్స్‌లో (ఒకే జన్యువు తాలూకు వేర్వేరు రూపాల్లో) అక్కడ అంత పేరున్న *04:01 కూడా తేలలేదు. హెచ్‌ఎల్‌ఏ-బిలో మాత్రం ఒక ఆలీల్ 0.04 చిల్లర పీ-విలువతో (సంబంధమేమీ లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) పైకి వచ్చింది. "శాంపిళ్లన్నీ తెలుగువాళ్లవే, పూర్వీకుల తేడా అనే గొడవ మనకు లేదు, పేపర్ రాసెయ్" అని మీ గైడ్ గారు అంటున్నారు. రాసెయ్యొచ్చా అని అడిగారు.

ఇప్పుడే వద్దు. మీకు టెన్షన్ పెడుతున్న మొదటి రెండు ఫలితాల్లో అసలు సమస్యే లేదు. మీ గైడ్ గారికి నచ్చిన మూడోదానితోనే చిక్కు. అందుకని దానితోనే మొదలుపెడతాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నేను ముందుగా చదవమని ఇచ్చేది 1988లో వచ్చిన ఒక చిన్న పేపర్. అమెరికాలోని అరిజోనాలో, గిలా నది ప్రాంతంలో పీమా, పాపగో తెగల ప్రజలు ఉంటారు. టైప్ 2 షుగర్ చాలా ఎక్కువగా ఉన్న జనాభాల్లో వాళ్లూ ఒకరు. నోలర్ అనే పరిశోధకుడి బృందం అక్కడ 4,920 మందిని చూసింది. వాళ్లు పరీక్షించింది యాంటీబాడీలను తయారు చేసే జన్యువుల్లో ఉండే జీఎం రకాలను, అంటే అచ్చంగా రోగనిరోధక జన్యువులనే. జీఎం3;5,13,14 అనే హాప్లోటైప్ (ఒకే క్రోమోజోమ్ మీద మూటగా సంక్రమించే మార్పులు) ఉన్నవాళ్లు 293 మంది, వాళ్లలో షుగర్ దాదాపు 8 శాతం. అది లేనివాళ్లు 4,627 మంది, వాళ్లలో 29 శాతం. ఇలాంటి అంకెలు ఎవరి చేతికి వచ్చినా ఆ హాప్లోటైప్ షుగర్ నుంచి కాపాడుతోందనే రాసేస్తారు. పీ-విలువ చూస్తే అనుమానించే సందే ఉండదు.

ఆ బృందం అక్కడ ఆగలేదు. వాళ్ల దగ్గర ప్రతి మనిషికీ ఇంకో వివరం ఉంది: ఆ మనిషి పూర్వీకుల్లో ఎనిమిదో వంతుల లెక్కన ఎంత భాగం ఆదివాసీలు అన్నది. వయసును సర్దుబాటు చేసి, ఆ వివరం ప్రకారం జనాన్ని విడదీసి మళ్లీ చూశారు. ఆదివాసీ పూర్వీకులు అసలు లేనివాళ్లలో హాప్లోటైప్ ఉంటే షుగర్ 17.8 శాతం, లేకపోతే 19.9. సగం ఉన్నవాళ్లలో 28.3, 28.8. పూర్తిగా ఆదివాసీలైనవాళ్లలో 35.9, 39.3. హాప్లోటైప్ ఉన్నా లేకపోయినా తేడా నామమాత్రం. షుగర్ పెరుగుతున్నది పూర్వీకుల వాటాతో పాటు. ఆ హాప్లోటైప్ యూరోపియన్ పూర్వీకులు ఉన్నారనడానికి గుర్తు, అంతకుమించి షుగర్ విషయంలో దానికి పాత్ర ఉందని చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

"అది అమెరికా, రెండు ఖండాల జనం కలిసిన చోటు, మనకేం సంబంధం?" అని మీ గైడ్ గారు అనొచ్చు. సరే, మీ శాంపిల్ సైజుతోనే లెక్క వేద్దాం. అంకెలు నేను ఊహించుకున్నవి. తెలుగువాళ్లలోనే రెండు సమూహాలు ఉన్నాయనుకోండి. ఒకదానిలో మీ హెచ్‌ఎల్‌ఏ-బి ఆలీల్ 20 శాతం, రెండోదానిలో 5 శాతం. జబ్బుకూ ఆ ఆలీల్‌కూ ఏ సంబంధమూ లేదు. మీ పేషెంట్లలో మొదటి సమూహంవాళ్లు 60 శాతం, కంట్రోల్స్‌లో 30 శాతం. అప్పుడు పేషెంట్లలో ఆలీల్ 14 శాతం, కంట్రోల్స్‌లో 9.5 శాతం వస్తుంది. మనిషికి రెండు కాపీలు కాబట్టి 400 క్రోమోజోముల్లో 56, 400లో 38. ఆడ్స్ రేషియో (రెండు గుంపుల్లో ఆలీల్ ఉండే అవకాశాల నిష్పత్తి, తేడా లేకపోతే 1) 1.55. పీ-విలువ 0.048. ఏ సంబంధమూ లేనిచోట మీ ఫలితం లాంటిదే ఇలా పుట్టుకొస్తుంది.

ఇంకో మాట. హెచ్‌ఎల్‌ఏ-బిలో మీరు ఎన్ని ఆలీల్స్ పరీక్షించారో రాయలేదు. ఓ 25 పరీక్షించి ఉంటే, పూర్వీకుల గొడవ ఏమీ లేకపోయినా, 0.05 కిందకు ఒకటో అరో కేవలం యాదృచ్ఛికంగా రావడం మామూలే.

ఇక తెలుగువాళ్లలో అంతంత తేడాలు ఉంటాయా అన్నది. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందం కలిసి భారతదేశంలోని 25 సమూహాల మీద పేపర్ వేశారు. అందులో మన ప్రాంతం నుంచే మాల, మాదిగ, వెలమ, వైశ్య, కంసాలి, చెంచు లాంటి సమూహాలు ఉన్నాయి. భారతీయ సమూహాల మధ్య జన్యుపరమైన దూరం యూరప్ సమూహాల మధ్య ఉన్నదానికి దాదాపు మూడు రెట్లు అని తేలింది. దీనికి కారణం మనందరికీ తెలిసిందే, తరతరాలుగా ఎవరి కులంలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకోవడం. 2017లో వచ్చిన తర్వాతి అధ్యయనంలో 263 దక్షిణాసియా సమూహాల్లో 81 సమూహాలు ఫిన్‌లాండ్ జనం కంటే, అష్కెనాజీ యూదుల కంటే చిన్న మూలసంఖ్య నుంచి విస్తరించినట్టు కనిపించింది. మొదట్లో ఉన్న కొద్దిమంది పూర్వీకుల్లో ఎవరి దగ్గర ఏ అరుదైన ఆలీల్ ఉంటే, అది ఆ సమూహమంతా పాకుతుంది. ఆపరేషన్లకు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు కొందరు వైశ్యుల్లో గంటల తరబడి దిగదని మన మత్తు డాక్టర్లకు ముందునుంచీ తెలుసు. ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ లోపం వాళ్లలో మిగతా సమూహాల కంటే సుమారు 100 రెట్లు ఎక్కువ. ఇది రోగనిరోధక జన్యువు కాదు గానీ, ఒకే భాష మాట్లాడి ఒకే ఊళ్లో ఉండేవాళ్ల మధ్య ఒక ఆలీల్ ఎంత తేడాగా ఉండొచ్చో చూపిస్తుంది.

ఇప్పుడు మీ శాంపిళ్లు ఎక్కడినుంచి వచ్చాయో ఆలోచించండి. పేషెంట్లు పెద్దాసుపత్రి రుమటాలజీ ఓపీకి వచ్చినవాళ్లు. అక్కడికి ఆదిలాబాద్ నుంచి వస్తారు, మహబూబ్‌నగర్ నుంచి వస్తారు, రాయలసీమ నుంచి వస్తారు. జబ్బు స్వభావాన్ని బట్టి నడివయసు ఆడవాళ్లు ఎక్కువ. కంట్రోల్స్ ఎవరని మీరు రాయలేదు. మామూలుగా అయితే బ్లడ్ బ్యాంకు దాతలో, కాలేజీలో క్యాంపు పెడితే వచ్చిన హాస్టల్ కుర్రాళ్లో, ల్యాబ్‌లోని మన సహోద్యోగులో. ఈ రెండు గుంపుల్లో కులాల వాటాలు, జిల్లాల వాటాలు ఒకేలా ఉండే అవకాశం నాకైతే కనిపించదు. నేను చూసిన శాంపిల్ ఫారాల్లో చాలావాటిలో "ప్రాంతం" అన్న గడిలో "హైదరాబాద్" అని రాసి ఉంటుంది. అది ఇప్పుడు ఉంటున్న చిరునామా, దానివల్ల మనకు తెలిసేదేమీ లేదు. తల్లి పుట్టిన ఊరు, తండ్రి పుట్టిన ఊరు, ఇంట్లో మాట్లాడే భాష, కులం, ఉపకులం, తల్లిదండ్రులది మేనరికమా అన్నవి కావాలి. మేనమామ పెళ్లిళ్లు, మేనత్త మేనమామ పిల్లల మధ్య పెళ్లిళ్లు మన దగ్గర మామూలు కాబట్టి చివరిది తప్పనిసరి. అవి ఎక్కువైతే హెచ్‌ఎల్‌ఏలో రెండు కాపీలూ ఒకటే ఉన్నవాళ్లు పెరుగుతారు, మామూలు పరీక్షల్లో పీ-విలువ ఉండాల్సినదానికంటే చిన్నగా కనిపిస్తుంది. కులం అడగడానికి చాలామంది రీసెర్చ్ స్కాలర్లు మొహమాటపడతారు. ఎందుకు అడుగుతున్నామో రెండు ముక్కల్లో చెప్పి, చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేయమంటే ఎక్కువమంది చెప్తారు. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే పత్రంలో కూడా ఆ కారణం ముందే రాసి పెట్టాలి.

రోగనిరోధక జన్యువుల్లో ఈ సమస్య మిగతావాటికంటే ముదురుగా ఉండటానికి కారణం అంటువ్యాధులు. ఒక్కో ప్రాంతంలో ఒక్కో రోగం జనాన్ని ఏరిపారేసింది, బతికినవాళ్ల ఆలీల్స్ మిగిలాయి. వైవాక్స్ మలేరియా నుంచి కాపాడే డఫీ-నల్ మార్పు పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో దాదాపు అందరిలో ఉంటుంది, యూరప్‌లో దాదాపు ఎవరిలోనూ ఉండదు. అదే మార్పు రక్తంలో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) సంఖ్యను కూడా తగ్గిస్తుందని 2009లో తేలింది. ఆరోగ్యంగా ఉన్న ఆఫ్రికన్ అమెరికన్లకు తెల్ల రక్తకణాలు తక్కువున్నాయని అన్నాళ్లూ అనవసరంగా పరీక్షలు చేస్తూ వచ్చారు. కోవిడ్‌ను తీవ్రం చేసే, నియాండర్తల్ మనుషుల నుంచి వచ్చిన మూడో క్రోమోజోమ్ ముక్కను చూడండి. దక్షిణాసియాలో సుమారు సగం మందిలో అది కనీసం ఒక కాపీ ఉంది, యూరప్‌లో 16 శాతం మందిలో, తూర్పు ఆసియాలో దాదాపు లేదు. హెచ్‌ఎల్‌ఏ అయితే మన జీనోమ్ మొత్తంలో అత్యంత వైవిధ్యం ఉన్న చోటు. ఇంతవరకు నమోదైన ఆలీల్స్ 40,000 దాటాయి.

దీనివల్ల వచ్చే తంటా ఒకటుంది. పీసీఏ (జన్యు పోలికలను బట్టి మనుషులను కొన్ని అక్షాల మీద, అంటే కాంపొనెంట్ల మీద, అమర్చే లెక్క) చేసి పది కాంపొనెంట్లు విశ్లేషణలో కలిపేస్తే పూర్వీకుల సమస్య తీరిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు. పీసీఏ చెప్పేది జీనోమ్ మొత్తం మీద సగటు. ఆరో క్రోమోజోమ్‌లోని ఆ చిన్న ప్రాంతం ఆ సగటు దారిలో నడవదు. సగటున దగ్గరగా కనిపించే రెండు సమూహాలు హెచ్‌ఎల్‌ఏ దగ్గర దూరంగా ఉండొచ్చు. దీనికి తోడు ఆ ప్రాంతంలో ఎల్‌డీ (పక్కపక్కనున్న మార్పులు కలిసే సంక్రమించడం) చాలా పొడవుగా ఉంటుంది కాబట్టి, దాన్ని తీసేయకుండా పీసీఏ చేస్తే ఒక కాంపొనెంట్ హెచ్‌ఎల్‌ఏనే పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని సర్దుబాటు చేస్తే నిజమైన సిగ్నల్ కూడా పోతుంది. అందుకే ఆరో క్రోమోజోమ్‌లో 25 నుంచి 34 మెగాబేస్‌ల (మెగాబేస్ అంటే పది లక్షల డీఎన్‌ఏ అక్షరాలు) వరకు పక్కన పెట్టి పీసీఏ చేస్తారు.

ఎల్‌డీ మాట వచ్చింది కాబట్టి మీ హెచ్‌ఎల్‌ఏ-బి ఆలీల్ గురించి ఇంకో అనుమానం. ఆర్థ్రైటిస్‌లో అసలు దోషి డీఆర్‌బీ1 అయితే, పక్కింట్లో ఉన్న పాపానికి హెచ్‌ఎల్‌ఏ-బి పట్టుబడి ఉండొచ్చు. ఏ బి ఆలీల్ ఏ డీఆర్‌తో కలిసి నడుస్తుందన్నది జనాభాను బట్టి మారుతుంది. యూరప్‌లో హెచ్‌ఎల్‌ఏ-ఏ, బి, డీఆర్ జన్యువుల ఆలీల్స్ ఏ1, బి8, డీఆర్3 ఒక మూటగా వస్తాయి. ఉత్తర భారతంలో బి8, డీఆర్3 ఉన్నాయి గానీ వాటితో ఏ1కు బదులు తరచుగా ఏ26 కనిపిస్తుంది. యూరప్ మూటను చూసి ఏ1 వల్ల జబ్బు అని ఎవరైనా అంటే ఇక్కడి డేటా వెంటనే తేడా చూపిస్తుంది. కాబట్టి డీఆర్‌బీ1ని మోడల్‌లో ఉంచి, ఆ తర్వాత కూడా మీ బి ఆలీల్ నిలబడుతుందో చూడండి. నిలబడితే కొట్టిపారేయలేం. 2012లో యూరోపియన్ డేటా మీద చేసిన పెద్ద విశ్లేషణలో హెచ్‌ఎల్‌ఏ-బి ప్రోటీన్‌లో 9వ స్థానం ఆర్థ్రైటిస్‌కు విడిగా సంబంధం చూపించింది. మీ ఆలీల్‌లో 9వ స్థానంలో ఏ అమైనో ఆమ్లం ఉందో ఇవాళే చూడండి, ఐదు నిమిషాల పని.

ఇక మీరు దిగులు పడుతున్న పీటీపీఎన్22. 2004లో బయటపడిన ఆ ఆర్620డబ్ల్యూ మార్పు ఉత్తర యూరప్‌వాళ్లలో దాదాపు 10 శాతం ఉంటుంది. తూర్పు ఆసియాలో దాదాపు లేదు, మన దగ్గర అరుదు. లేని మార్పుకు జబ్బుతో సంబంధం ఎలా వస్తుంది? మీరు రాయాల్సింది "ఈ జనాభాలో ఈ మార్పు అరుదు, 400 మందితో దీన్ని పరీక్షించే శక్తి లేదు" అని. "సంబంధం లేదు" అని మాత్రం రాయకండి, రెండింటికీ చాలా తేడా ఉంది. జపాన్‌వాళ్లకు ఇదే అనుభవం తిరగేసి జరిగింది. 2003లో వాళ్లు పీఏడీఐ4 జన్యువును ఆర్థ్రైటిస్‌తో ముడిపెడితే, యూరప్ అధ్యయనాల్లో కొన్నిటిలో అది రాలేదు, చాలాకాలం వాదనలు నడిచాయి.

డీఆర్‌బీ1 సంగతి ఇంకా తేలిక. ఆలీల్ పేరును వదిలి, ప్రోటీన్‌లో 70 నుంచి 74 వరకు ఉన్న అమైనో ఆమ్లాలను చూడండి. 1987 నుంచి షేర్డ్ ఎపిటోప్ అని పిలుస్తున్నది దాన్నే. యూరప్‌లో ఆ వరసను ఎక్కువగా మోసేది *04:01. జపాన్, కొరియాల్లో *04:05. మన దగ్గర *10:01 ముఖ్యం. పైగా మన దేశంలో డీఆర్4 (*04తో మొదలయ్యే ఆలీల్స్ అన్నిటికీ కలిపి పేరు) అని వచ్చినవాళ్లలో *04:03 తరచుగా ఉంటుంది, దానిలో 74వ స్థానంలో తేడా వల్ల అది షేర్డ్ ఎపిటోప్ కిందకు రాదు. మీరు డీఆర్4 వరకే టైపింగ్ (ఏ ఆలీలో తేల్చే పరీక్ష) చేసి ఉంటే ముప్పు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ ఒకే బుట్టలో వేసినట్టు. *04:01 లాగా నాలుగు అంకెల టైపింగ్ ఉంటే షేర్డ్ ఎపిటోప్ ఉందా లేదా అని రెండు వర్గాలు చేసి మళ్లీ నడపండి. అక్కడ ఫలితం వస్తుందనే నా అంచనా.

మందుల రియాక్షన్ల మీద పనిచేసేవాళ్లు ఇదంతా ముందే అనుభవించారు. ఫిట్స్‌కు ఇచ్చే కార్బమజెపిన్ వల్ల ఒళ్లంతా చర్మం ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వచ్చిన 44 మంది తైవాన్ పేషెంట్లలో 44 మందికీ హెచ్‌ఎల్‌ఏ-బి*15:02 ఉందని 2004లో తేలింది. యూరప్‌లో అదే మందు వల్ల ఆ జబ్బు వచ్చిన 12 మందిని చూస్తే నలుగురికే ఉంది, ఆ నలుగురూ ఆసియా మూలాలవాళ్లే. తర్వాత యూరప్‌లోనూ జపాన్‌లోనూ ఏ*31:01 అనే వేరే ఆలీల్ బయటపడింది. మన దేశంలో పశ్చిమ భారత పేషెంట్లు 8 మందిని చూసిన చిన్న అధ్యయనంలో 6 మందికి బి*15:02 ఉంది. "తైవాన్ సంగతి మనకెందుకు" అనడానికి లేదు, "అదొక్కటి పరీక్షిస్తే చాలు" అనడానికీ లేదు.

హెచ్‌ఐవీ మందు అబాకవిర్ కథ వేరు, అది మీకు నేరుగా పనికొస్తుంది. దానికి అలర్జీ వచ్చేవాళ్లలో బి*57:01 ఉంటుందని 2002లో తెలిసింది. కానీ అమెరికాలోని నల్లజాతి పేషెంట్లలో అలర్జీ అని రాసి ఉన్న చాలామందికి ఆ ఆలీల్ లేదు. ఈ పరీక్ష నల్లవాళ్లకు పనికిరాదు, వాళ్లలో జన్యు కారణం వేరే అయి ఉంటుంది అన్న అభిప్రాయం బలపడింది. తర్వాత అలర్జీని స్కిన్ ప్యాచ్ టెస్ట్‌తో ఖాయం చేసుకుని 2008లో మళ్లీ చూశారు. ప్యాచ్ టెస్ట్ పాజిటివ్ వచ్చిన తెల్లవాళ్లు 42 మందిలో 42 మందికీ, నల్లవాళ్లు ఐదుగురిలో ఐదుగురికీ బి*57:01 ఉంది. అలర్జీ అని రాసినవాటిలో చాలావరకు అలర్జీలే కావు, వేరే కారణంతో వచ్చిన జ్వరాలు, దద్దుర్లు. ఆలీల్ ఒక సమూహంలో అరుదైతే అసలు కేసులు తక్కువ, పొరపాటు నిర్ధారణల వాటా ఎక్కువ, దాంతో జన్యువు పనిచేయనట్టు కనిపిస్తుంది. పూర్వీకుల తేడా అనుకున్నది నిజానికి డాక్టర్ రాసిన రోగ నిర్ధారణలో తేడా. మీ 200 మందిలో యాంటీ-సీసీపీ (ఈ ఆర్థ్రైటిస్‌లో రక్తంలో కనిపించే యాంటీబాడీ) పాజిటివ్ ఎంతమంది? షేర్డ్ ఎపిటోప్ సంబంధం ప్రధానంగా వాళ్లలోనే ఉంటుంది. చికున్‌గున్యా తర్వాత కీళ్లు వాచినవాళ్లు కొందరు మీ పేషెంట్ల లిస్టులో చేరి ఉంటే ఆశ్చర్యం లేదు.

పూర్వీకుల తేడాను తలనొప్పిగానే చూడనక్కర్లేదని కూడా మీ గైడ్ గారికి చెప్పండి. కోవిడ్ తీవ్రతను తగ్గించే ఓఏఎస్1 జన్యువు దగ్గర యూరోపియన్లలో నియాండర్తల్ ముక్క మొత్తం ఒకటిగా వస్తుంది, అందులో ఏ అక్షరం పని చేస్తోందో విడదీయడానికి వీల్లేదు. ఆఫ్రికన్ మూలాలవాళ్లలో ఆ ముక్క లేకుండానే ఒక స్ప్లైసింగ్ మార్పు (జన్యు సందేశాన్ని కత్తిరించి అతికించే తీరును మార్చేది) విడిగా ఉంది. వాళ్లలోనూ రక్షణ కనిపించేసరికి, పని చేస్తున్నది ఆ మార్పే అని 2022లో తేల్చగలిగారు. రేపు మీ డేటాను యూరప్, జపాన్ డేటాతో పక్కపక్కన పెట్టినప్పుడు మీ బి ఆలీల్‌కూ ఇలాగే తీర్పు రావచ్చు.

ఇప్పుడు చేయాల్సిన పని. డీఎన్‌ఏ మిగిలి ఉండి, డబ్బు ఉంటే అందరికీ జీనోటైపింగ్ ఎరే (జీనోమ్ అంతటా ఎన్నో చోట్ల మార్పులను ఒకేసారి చదివే పరీక్ష) చేయించండి. దగ్గరి బంధువులను తీసేయండి, హెచ్‌ఎల్‌ఏ ప్రాంతం వదిలి పీసీఏ చేయండి, కేసులూ కంట్రోల్సూ చార్టులో ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో లేదో ముందు కళ్లతో చూడండి. రెండు గుంపులుగా విడిపోయి కనిపిస్తే ఏ సర్దుబాటూ కాపాడదు, కంట్రోల్స్‌ను మళ్లీ ఎంచుకోవాల్సిందే. డబ్బు లేకపోతే ఫారాలు తిరగేసి, ఫోన్లు చేసి, సొంత జిల్లా, ఉపకులం వివరాలు రాబట్టండి. వాటి ప్రకారం విడదీసి మాంటెల్-హెంజెల్ పరీక్ష (ఒక్కో ముక్కలో విడిగా పోల్చి ఫలితాలను కలిపేది) చేయండి. చిన్న చిన్న ముక్కలవుతాయి, పీ-విలువ పెరుగుతుంది, భయపడకండి. ప్రతి ముక్కలోనూ ఆడ్స్ రేషియో ఒకే వైపు ఉందా అన్నదే చూడాలి. తల్లిదండ్రుల శాంపిళ్లు దొరికితే టీడీటీ (తల్లిదండ్రుల రెండు కాపీల్లో ఏది పేషెంటుకు ఎక్కువసార్లు వచ్చిందో చూసే పరీక్ష) చేయడం అన్నిటికంటే మేలు, పూర్వీకుల సమస్యే ఉండదు. కానీ 50 ఏళ్ల పేషెంట్లకు తల్లిదండ్రులిద్దరూ దొరకడం కష్టం, నేనైతే దాని మీద ఆశ పెట్టుకోను.

పేపర్ విషయానికొస్తే, షేర్డ్ ఎపిటోప్ ఫలితాన్ని ముందు పెట్టి, పీటీపీఎన్22 ఫ్రీక్వెన్సీని అంకెతో సహా ఇచ్చి, హెచ్‌ఎల్‌ఏ-బి ఆలీల్‌ను "ఇంకా నిర్ధారణ కావాల్సింది" అని అనుబంధ పట్టికలో పెడితే రివ్యూయర్లు వేలెత్తి చూపడానికి పెద్దగా ఏమీ ఉండదు. సమూహాల వారీ పట్టిక తయారయ్యాక ఇక్కడ పెట్టండి, కులాల పేర్లకు బదులు కోడ్ నంబర్లు వేసి, ఐదుగురి కంటే తక్కువ ఉన్న గడులను కలిపేసి. డీఆర్‌బీ1ని మోడల్‌లో పెట్టే లెక్క అప్పుడు కలిసి చూద్దాం.